చూసినవారి సంతకం

ఇంటి నుంచి, వీధివైపు గది
మార్చి 3

చెల్లికి,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి. మీ బావ కొత్త పళ్లు కట్టించుకున్నారు. రెండు రోజులు పెట్టుకుని తీసి గూట్లో పెట్టేశారు. నవ్వాల్సి వచ్చినప్పుడు పెట్టుకుంటారట. ఆయన ఎన్నిసార్లు నవ్వుతారో నీకు తెలుసు కాబట్టి ఆ పళ్లు చాలాకాలం వస్తాయి.

ఒక పని మీద రాస్తున్నాను. మా సంఘానికి ఈ ఏడు యాభై ఏళ్లు నిండుతాయి. సాక్ష్యాలన్నీ పుస్తకంగా వేస్తున్నారు. నాది మొదటి పేజీలో ఉండాలన్నారు. ఇన్నేళ్లు నోటితో చెప్పడమే గాని ఎప్పుడూ రాయలేదు. ఫ్యాక్టరీలో భోజనం అయ్యాక మిగిలే ఇరవై నిమిషాల్లో, చొక్కాలు తనిఖీ చేసే ఆ బల్ల మీదే, నాలుగు రోజులు కూర్చుని రాశాను.

కొత్త పాస్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి సాక్ష్యం కింద "ఇది నేను చూశాను" అని ఒక వరస ఉంటుంది. ఆ సంగతి జరిగినప్పుడు అక్కడున్న మరొకరు దాని పక్కన సంతకం చెయ్యాలి. నోటిమాట చెప్పే కొద్దీ పెరుగుతుంది, అచ్చయ్యేది నిలబడాలి అంటారాయన. పెద్దవాళ్లు సణిగారు. నాకు మంచిదే అనిపించింది.

నాన్న అప్పుడు దూరంగా పనిలో ఉన్నారు. అమ్మ ఇప్పుడు లేదు. తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు. ఇక మిగిలింది నువ్వే. కాగితం ఇందులో పెట్టాను. చదివి సంతకం చేసి పంపు.

అక్క

(జతపరచిన కాగితం)

నాకు పదిహేనేళ్లు. మా తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. అమ్మ మిల్లుకి వెళ్లింది. మధ్యాహ్నం వాడికి ఫిట్స్ వచ్చి కళ్లు తేలేశాడు. చుట్టూ సాయం లేదు. నేను లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని మోకరించాను. సాయంత్రం అమ్మ వచ్చేదాకా లేవలేదు. నేను తలుపు తీసేసరికి బిడ్డ జ్వరం దిగి నిద్రపోతున్నాడు. ఈ రోజు అతను మీ మధ్య ఉన్నాడు. దేవునికి స్తోత్రం.

ఇది నేను చూశాను: ______


హాస్టల్ వంటగది
మార్చి 14

అక్కా,

బావ పళ్ల సంగతి మా అమ్మాయిలకి చదివి వినిపించాను. అరవై రెండు మంది ఉద్యోగస్తులు, ఒక్కరూ నవ్వాపుకోలేకపోయారు. ఆ పళ్లు ఇక్కడికి పంపమను, మా వార్డెనమ్మకి అరువిస్తాను. ఆవిడా నవ్వి చాలా ఏళ్లయింది.

నా ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను. మోకాలు ఒకటి మాట వినడం లేదు. పెద్ద కుక్కరుకి వాషరు పోయింది. నాలుగు రోజులుగా అది ఈల వెయ్యకుండా మూలుగుతోంది, నేను దాన్ని సముదాయిస్తూ వండుతున్నాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఏమీ తినదు, ఇల్లు గుర్తొస్తుందట. నిన్న పక్కన కూర్చుని, నువ్వు తినేదాకా నేనూ తిననని చెప్పాను. నా ఒళ్లు చూసి నమ్మలేదు గాని, నవ్వి రెండు ముద్దలు తింది.

నీ కాగితం పొయ్యి పక్క గట్టు మీద పెట్టాను. నూనె చిందింది. దానిమీద సంతకం చేసి పంపితే మీ పాస్టరుగారు సాక్ష్యాల బదులు వంటల పుస్తకం వేస్తారు. తొందర లేకపోతే ఇంకోటి పంపు.

నాకోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని ప్రతిసారీ రాస్తావు కదా, ఈసారి మర్చిపోయావు. మానకు. నా వంతు కూడా నువ్వే చెయ్యి. చిన్నప్పటినుంచీ మన ఏర్పాటు అదే కదా.

నీ చెల్లి


ఇంటి నుంచి
మార్చి 22

చెల్లికి,

ఇంకో కాగితం పంపుతున్నాను. దీన్ని పొయ్యికి దూరంగా పెట్టు.

నెలాఖరులోగా ఇవ్వాలన్నారు. పుస్తకం విడుదల చేసే రోజు ఆ పేజీ తనే చదువుతానని తమ్ముడు అడిగాడు. నలభై అయిదేళ్లొచ్చినా సంఘంలో వాడు ఇంకా "ప్రార్థనకి దక్కిన బిడ్డే". ఆ రోజుకి బస్సు డ్యూటీ మార్చుకున్నాడు.

నీ పేరు రోజూ తలుచుకుంటున్నాను. రాయకపోతే మర్చిపోయినట్టు కాదు.

అక్క


హాస్టల్ వంటగది
ఏప్రిల్ 9

అక్కా,

నెలాఖరు దాటించేశాను. కావాలనే. మొదటి కాగితం మీద నూనె చిందలేదు, నేనే చిందించాను. ఇప్పుడు తిట్టు.

నీ కాగితం ఎనిమిదిసార్లు చదివాను. చక్కగా రాశావు. పెన్ను పట్టుకుని కూర్చుంటాను, చెయ్యి ముందుకు రాదు. ఎందుకో ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. నాకు నేనూ చెప్పుకోలేదు.

ఆ రోజు వాడు కళ్లు తేలెయ్యగానే నువ్వు గదిలోకి వెళ్లిపోయావు. నేను ఒకసారి తలుపు తట్టి, నువ్వు పలకకపోతే కింద అంతస్తులో ఉండే నర్సమ్మగారికోసం పరిగెత్తాను. తాళం వేసి ఉంది. మళ్లీ పైకొచ్చి తట్టాను. ఒళ్లు కాలిపోతే నీళ్లతో తడపాలని ఆవిడ ఎప్పుడో ఎవరితోనో అనడం విన్నాను. స్నానాలగదిలో రేకుతొట్టి ఉండేది, గుర్తుందా? వాణ్ణి చొక్కాతో సహా అందులో కూర్చోబెట్టి చెంబుతో పోశాను. ఎంతసేపో తెలియదు. వాడు బరువుగా ఉన్నాడు, జారిపోతున్నాడు. ఎత్తి బయటికి తియ్యడానికి సాయం రమ్మని మూడోసారి తట్టాను. చివరికి నేనే తీశాను. నాలుగింటికి నర్సమ్మగారు వచ్చి చూసి, బానే చేశావు అని ముక్కు పట్టుకుని మందు తాగించమంది.

అమ్మ వచ్చేసరికి ఇల్లంతా నీళ్లు, పరుపు తడిసి ముద్దైంది. పరుపు తడిపానని రెండు తగిలించింది. నేను గచ్చు తుడుస్తూ ఉన్నాను. మెట్లమీద పక్కింటావిడతో అమ్మ అంటోంది, మా పెద్దది ప్రార్థన చేసి పిల్లాణ్ణి నిలబెట్టిందని. నేను బకెట్టులో గుడ్డ పిండుకుంటూ విన్నాను.

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. నువ్వు ప్రార్థన చేశావు. మూడుసార్లు తట్టినా వినపడనంతగా మునిగిపోయావు. వాడు బతకడానికి అదే కారణమేమో, ఎవరు కాదంటారు? కానీ "చుట్టూ సాయం లేదు" అని రాశావు. "ఇది నేను చూశాను" అన్న మాట పక్కన నా పేరు రాయమంటున్నావు. నేను చూసింది మూసిన తలుపు అక్కా.

కోపం తెచ్చుకోకు. నీకు కోపం వస్తే ఉత్తరం పొట్టిగా వస్తుంది, నాకు భయం.

చెల్లి


ఇంటి నుంచి
ఏప్రిల్ 15

చెల్లికి,

ఉత్తరం అందింది. పుస్తకానికి గడువు పెంచారు. నీకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ వయసులో చూసినవి, తర్వాత ఊహించుకున్నవి కలిసిపోతాయి. నువ్వు చేసింది తక్కువని నేనెప్పుడూ అనలేదు. అది వేరు, సాక్ష్యం వేరు. ప్రార్థనలో ఉన్నవాళ్లకి తలుపు చప్పుడు వినిపించదు.

సంతకం నీ ఇష్టం.

అక్క


హాస్టల్ వంటగది
ఏప్రిల్ 25

అక్కా,

చెప్పానా, పొట్టిగా వచ్చింది.

సంతకం చేసి పంపుతున్నాను. ఇందులోనే ఉంది చూడు. మూడు రోజులు ఆలోచించాను. తొట్టి సంగతి నాకు తప్ప ఎవరికి కావాలి? వాడు బతికాడు. నువ్వు నాకు అక్కవి. అమ్మ పోయాక పండగకో పబ్బానికో కాకుండా ఊరికే ఉత్తరం రాసే మనిషి నాకు లోకంలో ఒక్కతే ఉంది. ఒక్క సంతకానికి ఆ మనిషిని పోగొట్టుకుంటానా?

ఇక ఈ మాట వద్దు. బావ పళ్లు పెట్టుకున్నారా?

చెల్లి


ఇంటి నుంచి
మే 20

చెల్లికి,

నువ్వు సంతకం చేసిన కాగితం ఇందులో వెనక్కి పంపుతున్నాను. దానిమీద నీ పేరు ఉండకూడదు. ఎందుకో చెబుతాను. ఇది పొడుగు ఉత్తరం. నాకు చేతకాని పని. నెమ్మదిగా చదువు.

నీ సంతకం అందిన రోజు సంతోషించాను. అది మొదట ఒప్పుకోవాలి. కాగితం బైబిలులో పెట్టుకుని, ఆదివారం పాస్టరుగారికి ఇద్దామని వెళ్లాను. ఆ ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె తీసుకునే ముందు ఎవరిని వాళ్లు చూసుకోండి అని ఆయన ఎప్పటిలాగే చెప్పారు. నలభై ఏళ్లుగా వింటున్నాను. విన్నప్పుడల్లా తల వంచుకుని వెతుక్కునేదాన్ని. ఫలానావాళ్లమీద విసుక్కున్నాను, ఒకరి గురించి చెడ్డమాట వింటూ కూర్చున్నాను, ఉదయం బద్ధకించాను. రెండో మూడో దొరికేవి. ఒప్పుకునేదాన్ని. తేలికపడేదాన్ని. ఇంత నిజాయితీగా చూసుకుంటున్నాను కదా అని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు కూడా అలాగే వెతికాను. రెండు దొరికాయి. మా ఫ్యాక్టరీలో ప్రతి చొక్కానీ ముందు తిరగేసి, లోపలివైపు కుట్టు చూస్తాం. బయటి నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. బొత్తాలు లెక్కపెట్టి పంపేసే అమ్మాయిని నేనే ఎన్నోసార్లు మందలించాను. నలభై ఏళ్లు నేను బొత్తాలే లెక్కపెట్టాను. ఆ చిన్నవి నేను ఒప్పుకున్నది వాటి వెనకున్నదాన్ని కప్పడానికి. అది ఆ బెంచీమీద నాకు తెలిసింది.

రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కావిడకి అందించాను. ఒంట్లో బాగాలేదా అని కూటం అయ్యాక నలుగురు అడిగారు. లేదన్నాను.

ఇప్పుడు విను.

ఆ గదిలో నేను ప్రార్థన చెయ్యలేదు. వాడి కళ్లు అలా తిరగడం చూసి భయపడి పారిపోయాను. గడియ పెట్టి, మంచం కింద దూరి, దిండు తీసుకుని రెండు చెవులకీ అదుముకున్నాను. వాడు చచ్చిపోతుంటే నేను చూడకూడదు, అంతే నా మనసులో ఉంది. దేవుడి మాట గుర్తు రాలేదు. మోకాళ్ల మీద లేను. పొట్టమీద పడుకుని ఉన్నాను.

నువ్వు తట్టడం విన్నాను. మూడుసార్లు కాదు, నాలుగు. మొదటిసారి "అక్కా" అన్నావు. రెండోసారి "నర్సమ్మగారు లేరు" అన్నావు. మూడోసారి "బరువుగా ఉన్నాడు, ఒక్కసారి రా" అన్నావు. నాలుగోసారి నువ్వు ఏమీ అనలేదు, గట్టిగా కూడా తట్టలేదు. తలుపుకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడి వెళ్లిపోయావు. నీ తడికాళ్లు తలుపు కింద సందులోంచి కనిపించాయి.

అమ్మ వచ్చి పిలిచినప్పుడు గడియ తీశాను. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. ప్రార్థన చేస్తున్నావా తల్లీ అని అమ్మే అడిగింది. నేను తలూపాను. నేను చేసిందంతా ఆ తలూపడమే. మిగతాది ఆదివారానికల్లా అమ్మ చెప్పేసింది. పై ఏడాదికి నన్ను లేచి చెప్పమన్నారు. మొదట నాలుగు ముక్కలు చెప్పాను. తర్వాత మోకాళ్లు వాచాయని చేర్చాను. ఇంకొన్నాళ్లకి చెమట చేరింది. చెప్పగా చెప్పగా ఆ గదిలో మోకరించిన పిల్ల నాకు కనిపించడం మొదలైంది. ఆ పిల్లని నమ్మాను. ఆ పిల్లలాగే బతకాలని నిజంగానే ప్రార్థించడం నేర్చుకున్నాను. ఇప్పుడు చేసే ప్రార్థన అబద్ధం కాదు. దాని పునాది అబద్ధం.

పదిహేనేళ్ల పిల్ల భయపడితే ఎవరైనా క్షమిస్తారు. అందుకే ఈ మాట కూడా రాయాలి. ప్రార్థనలో ఉన్నవాళ్లకి తలుపు చప్పుడు వినిపించదని ఏప్రిల్‌లో నీకు రాశాను. అది పదిహేనేళ్ల పిల్ల రాసింది కాదు. యాభై ఆరేళ్ల మనిషి, కూర్చుని, ఆలోచించి, రెండుసార్లు చిత్తు రాసుకుని రాసింది.

క్షమించమని ఇప్పుడు అడగను. అడిగితే వెంటనే సరే అంటావు, నీ అలవాటు అది. ముందు నీకు కోపం రావాలి.

అక్క


హాస్టల్ వంటగది
మే 30

అక్కకి,

వచ్చింది.

పొద్దున్న ఉత్తరం చదివాను. మధ్యాహ్నం వంట మాడ్చాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి. అమ్మాయిలు మాట్లాడకుండా తినేసి పళ్లేలు కడిగి పెట్టి వెళ్లారు. నా మొహం అలా ఉందన్నమాట.

నాలుగోసారి నేను మర్చిపోయాను. నువ్వు గుర్తు చేశావు. ఆ తలుపు చల్లగా ఉంది. నాకు పన్నెండేళ్లు అక్కా. నాకూ భయమేసింది. నాకు దూరడానికి మంచం లేదు.

కొన్నాళ్లు రాయకు.


ఇంటి నుంచి
జులై 6

చెల్లికి,

కొన్నాళ్లంటే ఎన్నాళ్లో తెలియక అయిదు వారాలు ఆగాను. జవాబు అక్కర్లేదు. జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను.

ముందు తమ్ముడికి చెప్పాను. డిపోలో, వాడి రెండు ట్రిప్పుల మధ్య, టికెట్ల కిటికీ పక్కనున్న సిమెంటు బెంచీ మీద. అంతా విన్నాడు. ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు. చిన్నక్కకి తెలుసన్నాను. బస్సు కదిలే టైమైందని లేచి వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు ఫోను లేదు. ప్రార్థనకి దక్కానన్నదే తన జీవితం గురించి వాడికి తెలిసిన మొదటి సంగతి. దాన్ని నేను లాగేసుకున్నాను.

పదో రోజు పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. చిన్నవాడు, పాపం, నా వయసు వాళ్లు వచ్చి ఇలా చెబుతారని ఎవరూ నేర్పి ఉండరు. ఆ పేజీ చప్పుడు చెయ్యకుండా తీసేస్తానని, ఎవరూ అడగరని అన్నారు. దయతోనే అన్నారు. నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. కుర్చీలోంచి లేచి తలుపుదాకా వచ్చాను, సరే అనే ఉద్దేశంతోనే. అక్కడ ఆగిపోయాను. నోటితో చెప్పింది నోటితోనే తియ్యాలి అన్నాను.

ఆదివారం లేచి నిలబడ్డాను. ఆరు వాక్యాలు చెప్పాను. నేను ప్రార్థన చెయ్యలేదు, దాక్కున్నాను. పిలుస్తుంటే విన్నాను, వెళ్లలేదు. వాణ్ణి నీళ్లలో పెట్టి కాపాడింది మా చెల్లి. నలభై ఏళ్లు మీకు వేరేగా చెప్పాను. దేవుడిముందూ మీముందూ తప్పు చేశాను. నన్ను క్షమించండి. కూర్చున్నాను. పాట ఎత్తుకోవాల్సినావిడ పాట మర్చిపోయింది.

బయట ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కూతురు ఏడేళ్ల కిందట ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నా సాక్ష్యం గుర్తు తెచ్చుకుని వరండాలో మోకరించిందట.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు చెప్పు" అంది.

నాకు తోచింది ఒక్కటే. "మోకరించింది మీరు. అది నాది కాదమ్మా, మీదే" అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసి వెళ్లిపోయింది. రెండు వారాలు మొహం తిప్పుకుంది. నిన్న మాత్రం, నేను ఆలస్యంగా వెళ్తే, తన బెంచీమీద సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

తమ్ముడు ఆ ఆదివారం వెనక వరసలో ఉన్నాడట, నేను చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చాడు. మీ బావతో కాసేపు టైర్ల గురించి మాట్లాడాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, కొత్త కాగితం రాశావా అని అడిగాడు. రాశానని, చూసినవారి సంతకం లేదని చెప్పాను. చిన్నక్కని అడగలేనన్నాను.

"నేనూ ఉన్నాను కదా అక్కడ. తొట్టిలో" అన్నాడు.

నాలుగేళ్లవాడివి, నీకేం తెలుసన్నాను. రెండు సంగతులు తెలుసన్నాడు. ఎవరో ముక్కు నులిమి చేదు మందు పోశారు. దానికి ముందు చిన్నక్క నీళ్లు పోస్తూ ఒకటే తిట్లు. తననే తిడుతోందని బిక్కచచ్చి కూర్చున్నాడట. ఇన్నేళ్లూ నిన్ను చూస్తే కొంచెం భయపడేది అందుకేనట. సంతకం చేశాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, పేజీ అంచుదాకా.

ఇది క్షమాపణ ఉత్తరం. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు పిలిచినప్పుడు రాలేదు. నన్ను క్షమించు.

అక్క


హాస్టల్, నా గది
ఆగస్టు 2

అక్కా,

వంటగదిలో రాద్దామంటే కుదరలేదు. పైకొచ్చి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని రాస్తున్నాను. కోపం చాలావరకు తీరింది. మధ్యమధ్యలో ఇంకా వస్తుంది. వచ్చినప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాస్టల్‌కి మూడు రోజులకి సరిపడా ఉన్నాయి.

క్షమించాను. వెంటనే అనలేదు చూడు, అయిదు వారాలు నువ్వు, నాలుగు వారాలు నేను. ఇద్దరం అలవాటు మార్చుకుంటున్నాం.

కానీ నీ ఉత్తరం నన్ను ఇంకో గొడవలో పెట్టింది. తమ్ముడు తిట్లు గుర్తున్నాయన్నాడని రాశావే. నేను వాణ్ణి తిట్టలేదు. దేవుణ్ణి తిట్టాను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెంబు చెంబుకీ ఒకటే మాట. "వీణ్ణి తీసుకెళ్లావంటే ఇక జన్మలో నీతో మాట్లాడను." గట్టిగా, ఎదురింటివాడితో పోట్లాడినట్టు. పన్నెండేళ్ల పిల్లకి అంతకంటే పెద్ద బెదిరింపు తెలియదు.

వాణ్ణి తీసుకెళ్లలేదు అక్కా. అయినా నేను మాట్లాడలేదు. నలభై ఒక్క ఏళ్లు.

ఎందుకు మాట్లాడలేదంటే, ఇన్నాళ్లూ నా దగ్గర సమాధానం తయారుగా ఉండేది. దేవుడికి గదిలో మోకరించే అక్కలాంటివాళ్లు కావాలి, చెంబు పట్టుకుని నోరు పారేసుకునేవాళ్లు కాదు. అక్క ప్రార్థన చూసుకుంటుంది, నేను వంట చూసుకుంటాను. ఆ ఏర్పాటు నువ్వు చేశావనీ, అమ్మ చేసిందనీ అనుకున్నాను. నీ మే నెల ఉత్తరం చదివాక మొదటి వారం అంతా, నా దేవుణ్ణి కూడా నువ్వే లాక్కున్నావు అని ఉడికిపోయాను. అలాగే రాద్దామని కాగితం కూడా తీశాను.

రాయలేకపోయాను. నువ్వు చొక్కా తిరగేసి చూడటం గురించి రాసిన మాట అడ్డం పడింది. నాదీ తిప్పి చూశాను. నీ సాక్ష్యం నన్ను బయటికి తోసిందన్నది సగం నిజం. మిగతా సగం, బయట నాకు హాయిగా ఉంది. ఎవరితోనూ కూర్చుని మాట్లాడక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అడిగింది ఇచ్చాక కృతజ్ఞత చెప్పాలి కదా, అది ఎగ్గొట్టడానికి నీమీద చిన్న కోపం ఒకటి దాచుకుని పెట్టుకున్నాను. అది చాలా పనికొచ్చింది. నువ్వు దాక్కుంది ఒక మధ్యాహ్నం. నేను ఇంతకాలం.

నిన్ను తేలిక చెయ్యడానికి రాయడం లేదు. నీది నీదే. ఇది నాది.

ఇప్పుడు ఒకటి అడుగుతాను, పెద్దక్కలా కాకుండా చెప్పు. ఆ తొట్టి దగ్గర నేనన్నది ప్రార్థనేనా? మీ పుస్తకాల్లో అలాంటివి ఉంటాయా? రెండోది, నలభై ఒక్క ఏళ్ల తర్వాత ఎక్కడ మొదలుపెడతారు? నిన్న గదిలో కూర్చుని ప్రయత్నించాను. "నేనే" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియక మోకాలి నొప్పి గురించి చెప్పి లేచాను.

వచ్చే నెల మొదటి వారం సెలవు పెట్టాను. వార్డెనమ్మ నన్ను ఎగాదిగా చూసి, పెళ్లా అని అడిగింది. మీ ఇంటికి వస్తున్నాను. నీ ఆదివారం కూటానికి కూడా వస్తాను. అక్కడ నన్ను లేచి నిలబడి ఏదైనా చెప్పమంటే మాత్రం అదే బస్సెక్కి తిరిగొచ్చేస్తాను, డ్రైవరు మనవాడే.

నీ చెల్లి


ఇంటి నుంచి
ఆగస్టు 10

చెల్లికి,

రా. మీ బావ పళ్లు కడిగి పెట్టుకున్నారు.

నువ్వు అడిగినవాటికి నాకు తెలిసినంత రాస్తాను. మొదటిదానికి జవాబు, అవును. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం ప్రార్థన జరిగింది. నలభై ఏళ్లు సంఘంలో నేను చెప్పిన సాక్ష్యంలో ఆ ఒక్క మాటే నిజం. మనిషినే తప్పు చెప్పాను. పాస్టరుగారి అనుమతితో కొత్త కాగితంలో ప్రార్థన చేసింది మా చెల్లి అన్న వాక్యం చేర్చాను, నువ్వేమన్నావో రాయకుండా. అది నీకూ దేవుడికీ మధ్య ఉండాల్సిన మాట.

రెండోదానికి జవాబు తెలియదు. నేనూ ఈమధ్యే మొదలుపెట్టాను. ఇదివరకు మోకరిస్తే గంటసేపు మాటలు వచ్చేవి. ఇప్పుడు ఒకటి రెండు వాక్యాలకే ఆగిపోతున్నాను. ఆగాక కూడా అక్కడే ఉంటున్నాను. మొదట సిగ్గనిపించింది, ఇప్పుడు అలవాటవుతోంది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఇన్నేళ్లు నీకోసం ప్రార్థన చేస్తున్నానని రాశాను. చేశాను, అది నిజమే. కానీ నేను అడిగిందల్లా నువ్వు మారాలని. నాలాగా మారాలని.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివి మోకరించాను. నీ గురించి ఏమీ అడగాలనిపించలేదు. నువ్వు ఉన్నందుకు కృతజ్ఞత చెప్పి లేచాను. నిమిషం కూడా పట్టలేదు.

అక్క